గానుగ జిగట

తాజా చెరుకు రసాన్ని ఓ రోజు కదపకుండా వదిలేస్తే అందులో తెల్లటి జిగట పుడుతుంది. వేలు ముంచి తీస్తే తీగలా సాగుతుంది. బెల్లం వండేవాళ్లకు అది పరువు తక్కువ సంగతి, ఎందుకంటే జిగట పుట్టిన రసం ఎంత కాచినా సరిగా గడ్డ కట్టదు. అలాంటి దాన్ని వెతుక్కుంటూ నేను ప్రతి ఆదివారం నిజామాబాద్ నుంచి బోధన్ ప్యాసింజరు ఎక్కేదాన్ని. నా పరిశోధన దాని మీదే.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పోచంపాడు దగ్గర డ్యాము పనులు జోరుగా నడుస్తున్న రోజులు. నిజామాబాద్‌లో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేసేదాన్ని. ఆ ల్యాబులో చీర కొంగు నడుముకు బిగించి, పైన తెల్లకోటు వేసుకుని నిలబడే ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందువల్ల నాకు కొంచెం పొగరు ఉండేది. కొంచెం అని మర్యాద కోసం అంటున్నాను, మా ఆయన్ని అడిగితే లెక్క వేరుగా చెప్పేవాడు. ఆయన పోస్టాఫీసులో గుమాస్తా. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ. అంతే సంసారం.

హైదరాబాద్‌లో ఒక ప్రొఫెసర్ నన్ను పీహెచ్‌డీకి తీసుకున్నాడు, కానీ సగం మనసుతోనే. ఉద్యోగం చేసుకుంటూ దూరాన ఉండేవాళ్ల మీద ఆయనకు నమ్మకం లేదు. "ఒక ఏడాది చూస్తానమ్మా. చివర అందరి ముందు సెమినార్ ఇవ్వాలి. పని కనిపిస్తే నీ పేరు ఖాయం చేస్తాను. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తాను" అన్నాడు. ఆ చోటు పోతే నాకు మరో గైడ్ దొరకడని తెలుసు. రిటైరయ్యే దాకా పిల్లలకు బ్యూరెట్లు అందిస్తూ బతకాలి. ఎవరికీ చెప్పలేదు గానీ, నా పేరు ముందు 'డాక్టర్' అని పెడితే ఎలా ఉంటుందో పాత పరీక్ష కాగితాల వెనక రాసి చూసుకునేదాన్ని. బాగానే ఉండేది.

ప్రొఫెసర్ నాకిచ్చిన పని ఇది. అప్పుడప్పుడే బజార్లోకి ప్లాస్టిక్ మగ్గులు, బకెట్లు వస్తున్నాయి. అందరూ వాటిని విరగవు, కుళ్లవు అని మెచ్చుకుంటుంటే, ఆయన మాత్రం కుళ్లకపోతే చివరికి ఏం చేద్దామని అడిగేవాడు. చెరుకు రసంలో సూక్ష్మజీవులు చక్కెరను పూసల్లా గుచ్చి పొడవాటి గొలుసులు చేస్తాయి. ఆ గొలుసుల ముద్దే జిగట. దానితో పలుచటి పొర చేసి, ఎరువు చుట్టి నేలలో పెడితే, పని అయిపోయాక తానే మట్టిలో కలిసిపోవాలి. అయితే నీళ్లు తగలగానే కరిగిపోకూడదు, కొన్నాళ్లు ఆగాలి. ఎన్నాళ్లు ఆగుతుందో, ఎలా ఆపాలో తేల్చడం నా వంతు. ఇవాళ ఇలాంటి వాటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మేం మాత్రం 'మట్టిలో కలిసే జిగట' అనుకునేవాళ్లం.

బోధన్‌లో రైలు దిగి ఎడ్లబండి మీద రెండు మైళ్లు పోతే ఒక ఊళ్లో గానుగ ఉండేది. దాన్ని నడిపించేది ఒక అవ్వ. చక్కెర ఫ్యాక్టరీకి పోగా మిగిలిన చెరుకుతో బెల్లం వండేది. ఆమె బెల్లం వానాకాలంలో కూడా చెమ్మగిల్లదని చుట్టుపక్కల పేరు. గానుగ దగ్గరికి వచ్చినవాళ్లెవరైనా సరే, ముందు చెంబెడు రసం తాగాలి, తర్వాతే మాట. నేనూ తాగాను. మూతి తుడుచుకుని, మీ రసం తొట్టిలో జిగట ఉంటే కొంచెం కావాలి అన్నాను.

అవ్వ ముఖం మారిపోయింది.

"మా గానుగల జిగటనా? ఎవడు జెప్పిండు నీకు? దినాం సున్నం నీళ్లు వోసి కడుగుత తొట్టిని. ఒచ్చి సూడు, నీ మొకం కనవడ్తది దాంట్ల."

నేను తప్పు పట్టడానికి రాలేదని, సర్కారు మనిషిని అంతకన్నా కాదని, పాడైన రసం నాకు చదువుకు పనికొస్తుందని గంటసేపు చెప్పాను. పని చేసేవాళ్లంతా చెరుకు మోయడం ఆపి విన్నారు. చివరికి అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఇంత సదివి, పాశిపోయిన రసానికొచ్చినవా బిడ్డా?"

అవునని తలూపాను. కానీ అవ్వ మనసు మెత్తన. బెల్లం పెనానికి దూరంగా, కట్టెల వెనక ఒక మట్టి తొట్టి పెట్టించింది. అందులో రసం పోసి, వచ్చేపోయేవాళ్లకు కనపడకుండా గోనెపట్టా కప్పేది. ఆదివారం నేను పోయేసరికి జిగట తయారుగా ఉండేది. దాన్ని తీసేటప్పుడు మాత్రం అటు తిరిగి నిలబడేది.

మొదటిసారి దాన్ని గాజు సీసాలో పోసి బిరడా గట్టిగా బిగించాను. పాడైన రసం పొంగుతుందని, గాలి పుట్టిస్తుందని పుస్తకంలో చదువుకున్నదాన్నే, పిల్లలకు పాఠం కూడా చెప్పినదాన్నే. రైలు బోధన్ దాటి కాసేపయిందో లేదో బిరడా టప్పున లేచి పైకప్పుకు తగిలింది. సీసాలో ఉన్నదంతా ఎదురుగా కూర్చున్న మరాఠీ వ్యాపారి తెల్లధోతి మీద పడింది. ఆయన తుడుచుకునే కొద్దీ తీగలు సాగుతోంది. ఆయన అన్న మాటల్లో సగం నాకు అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే మంచిదయింది. పెట్టెలో ఉన్నవాళ్లంతా స్టేషను దాకా నవ్వుతూనే ఉన్నారు. నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక అటక మీది నుంచి ఒక ఇత్తడి గిన్నె దింపింది. పైన మూత, పట్టుకోవడానికి కడియం ఉన్న గిన్నె అది. పెళ్లినాడు పుట్టింటివాళ్లు పెట్టింది.

"గిండ్ల తెచ్చుకో. మూత వదులుగనే ఉంటది, గాలి వోతది. ఎగిరి ఎవని మీద వడది" అంది.

అలా ఆ చలికాలమంతా అత్తమ్మ గిన్నె నాతో బోధన్ పోయి వచ్చింది. ఆదివారం తెచ్చిన జిగట సోమవారం కాలేజీకి పోయేదాకా అందులోనే ఉండేది. ల్యాబులో దాన్ని స్పిరిట్‌లో పోస్తే తెల్లటి ముద్ద విడిపోయేది. ఆ ముద్దను కడిగి, కాస్టిక్ సోడా నీళ్లలో కరిగించి, గాజు పలక మీద పలుచగా పోసి ఆరబెడితే ఉల్లిపొర లాంటి పొర వచ్చేది. తెల్లగా రావాల్సిన పొర నీలంగా వచ్చింది. లేత నీలం, ఎండలో పట్టుకుంటే ఎంత బాగుండేదో! పరీక్ష చేస్తే రాగి ఉందని తేలింది. రాగి జిగట గొలుసులను పట్టుకుని ముడివేసుకుని కూర్చుంది.

ఎక్కడిది ఈ రాగి? అలాంటి ప్రశ్నకు తల గోక్కుని నాలుగు రోజులు ఆలోచించేవాళ్లుంటారు. నేను ఆ రకం కాదు. సాయంత్రానికే జవాబు చెప్పేశాను. బోధన్ నల్లరేగడిలో రాగి ఉంది, చెరుకు దాన్ని పీల్చింది, సూక్ష్మజీవులు పోగు చేశాయి! ఇంత గొప్ప సంగతి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదంటే, ఇంత తెలివైనవాళ్లు ఎవరూ ఆ గానుగకు పోలేదన్నమాట.

పొరలను పెరట్లో అత్తమ్మ బంతిపూల కుండీల్లో పాతిపెట్టాను. రోజూ నీళ్లు పోసి, వారానికోసారి తవ్వి చూసేదాన్ని. నెల దాటినా చెక్కుచెదరలేదు. అత్తమ్మకు ఇది పెద్ద కాలక్షేపం అయింది.

"ఏందే, నీ చెట్టు ఇంక మొలకెత్తలే?" అని రోజూ పొద్దున అడిగేది.

"అది మొలిచేది కాదత్తమ్మా. కుళ్లేది."

"మరి కుళ్లకపాయె గద!"

"కుళ్లకుండా ఎన్నాళ్లుంటే అంత మంచిది."

"కుళ్లాలె అంటవు, కుళ్లద్దంటవు. నీ మొగడే నయం, ఒక్క మాట మీద ఉంటడు" అనేది.

నేను ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశాను. ఆయన దగ్గరి నుంచి ఎప్పుడూ రెండు లైన్ల కార్డు వచ్చేది, ఈసారి రెండు పేజీల కవరు వచ్చింది. ప్రకృతిలోనే లోహంతో కలిసి పుట్టే పొర కావడం చాలా విశేషమని, సెమినార్‌కు వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్లను కూడా పిలుస్తున్నానని రాశాడు. ఆ కవరు మా ఆయన స్వయంగా పోస్టాఫీసు నుంచి పట్టుకొచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండారు.

సెమినార్ ఇంకా పది రోజులుందనగా అత్తమ్మ బాల్కొండలో చెల్లెలి కూతురికి ఒడిబియ్యం పోస్తున్నారని ఆ వేడుకకు బయల్దేరింది. అప్పాలు పెట్టుకోవడానికి తన గిన్నె తీసుకుపోయింది. ఆ ఆదివారం నేను ఉత్త చేతులతో గానుగకు పోయాను. అవ్వ ఒక కొత్త కుండలో జిగట పోసి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది.

సోమవారం పొర తెల్లగా వచ్చింది. నీలం జాడ లేదు. సరే, తర్వాత చూద్దామని కుండీలో పాతాను. నాలుగోరోజు తవ్వితే అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు.

ఇక్కడైనా నాకు వెలగాలి కదా. వెలగలేదు. మట్టికుండ రాగినంతా పీల్చేసుకుందని తీర్మానించాను. అక్కడితో ఊరుకోకుండా, మధ్యలో సెలవు పెట్టి మరీ గానుగకు పోయి అవ్వతో అన్నాను, మీ కుండ నా పని చెడగొట్టిందని. అవ్వ బెల్లం కలిపే గరిటె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"మట్టి మీద నింద వెడ్తున్నవా బిడ్డా? మట్టి ఏం ఎరుగుతది? నా జిగట ఎప్పటి తీర్గనే ఉన్నది. మారింది ఏందో నువ్వే సూస్కో" అంది. అని, నా చేతికి రసం చెంబు ఇచ్చింది. కోపమొచ్చినా రసం మాత్రం మానలేదు.

నేను ఇంటికి చేరేసరికి అత్తమ్మ బాల్కొండ నుంచి వచ్చేసింది. పెరట్లో గచ్చు మీద కూర్చుని గిన్నెను చింతపండుతో తోముతోంది. లోపలి వైపు చూపించి, "సూసినవా, కలాయి మొత్తం వోయింది. కలాయాయన ఈ యాడాది ఇటు దిక్కే రాలే" అంది.

ఇత్తడి గిన్నెల లోపల తెల్లగా తగరం పూత పూస్తారు. మా వైపు దాన్ని కళాయి అంటాం. ఆ పూత పోయిన గిన్నెలో పులుపు పోయకూడదని ప్రతి ఇంట్లో ఆడపిల్లకు పదేళ్లు రాకముందే చెబుతారు. పులుపు ఇత్తడిని తింటుంది, అందులోని రాగి పులుసులో కలుస్తుంది, కిలుమెక్కుతుంది. నాకూ మా అమ్మ చెప్పింది. మజ్జిగ గిన్నె విషయంలో ఒకసారి నెత్తిన మొట్టింది కూడా. నా జిగట అంత పుల్లనిది ఇంకేముంది? మూడు నెలలుగా ఆదివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా కళాయి పోయిన గిన్నెలో నిలవ ఉంచి, అందులో దొరికిన రాగికి బోధన్ నల్లరేగడిని పొగిడాను.

గచ్చు మీద అలాగే కూలబడ్డాను. ఏమైందని అత్తమ్మ అడిగితే ఎండకు తల తిరిగిందన్నాను. మరుసటి రోజు ల్యాబులో, కుండలో మిగిలిన జిగటలో ఇత్తడి తాళంచెవి ఒకటి వేసి ఉంచాను. రెండు రోజులకు తీసి కాస్టిక్ సోడా కలిపితే, అదే నీలం. ఆ రంగు చూస్తే అంతకుముందు ఎంత సంబరమయ్యేదో, ఆ రోజు అంత ఏడుపొచ్చింది.

మా ఆయనకు ఒక్కడికే చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"నువ్వు ఉత్తరం రాసినప్పుడు నీకు ఎరుక లేదు గద. అబద్ధమైతే ఆడలే. సెమినార్ కానియ్యి, పేరు ఖాయమయినంక నిమ్మళంగ చెప్పు" అన్నాడు.

ఆయన నా మంచికే చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది కూడా. హైదరాబాద్ రైలు ఎక్కేటప్పుడు నా సంచిలో నీలం పొర ఉంది, నల్లరేగడి గురించి రాసుకున్న పద్నాలుగు పేజీల ఉపన్యాసం ఉంది. తెల్ల పొర ముక్కొకటి కూడా ఉంది. అదెందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. ఇందల్వాయి దాటే దాకా చెప్పకూడదనుకున్నాను. ఆ తర్వాత అవ్వ మాట గుర్తొచ్చి, పాపం మట్టి మీద కూడా నింద వేశాను కదా అని సిగ్గేసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే రేపు ఎవడో గాజు సీసాలో తీసుకుపోయి చూస్తాడు, అప్పుడు ఆ గానుగ పేరు చెడుతుంది, ప్రొఫెసర్ పేరు చెడుతుంది. సికింద్రాబాద్‌లో దిగేసరికి భయం పోలేదు గానీ మనసు మాత్రం తేలికపడింది.

సెమినార్ గదిలో ముప్ఫై మంది దాకా ఉన్నారు. నేను తప్ప అంతా మగవాళ్లే. బల్ల మీద రెండు పొరలూ పెట్టాను. పద్నాలుగు పేజీలు సంచిలోనే ఉంచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గానుగ, సీసా, రైలు, మా అత్తమ్మ గిన్నె, కళాయి, కిలుము. వెనక వరసలో ఒకాయన లేచి, "అమ్మా, వచ్చేసారి ఉప్పు డబ్బాలో తెస్తే ఉప్పు కనిపెడతారా?" అన్నాడు. గదంతా నవ్వింది. నవ్వులో నవ్వు, నాకూ నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు.

ప్రొఫెసర్ నవ్వలేదు. లేచి బల్ల దగ్గరికి వచ్చి రెండు పొరలనూ చేతిలోకి తీసుకున్నాడు.

"తెల్లది ఎన్నిరోజులుంది?"

"నాలుగు రోజులు సార్."

"నీలంది?"

"ఇంకా ఉంది సార్. కుండీలోనే."

"రాగి గొలుసులను ముడివేసిందన్నమాట. ముడి ఉన్నంత కాలం మట్టి దీన్ని తినలేకపోతోంది." నీలం పొరను వెలుతురుకు ఎత్తి పట్టాడు. "రాగి తక్కువ పడితే పది రోజులు, ఎక్కువ పడితే వంద రోజులా? దాన్ని మన చేతుల్లోకి తెచ్చుకోగలమా? నువ్వు తప్పు చేశావమ్మా, అందులో సందేహం లేదు. కానీ నేనిచ్చిన ప్రశ్నకు జవాబు ఆ తప్పులోనే ఉంది. ఇంకొకరైతే నా దగ్గర దాన్ని దాచేవారు." కాగితం మీద నా పేరు రాసి డిపార్ట్‌మెంట్ గుమాస్తా చేతికి ఇచ్చాడు. "ఖాయం చేయండి" అన్నాడు.

ఆ తర్వాత గదిలో ఎవరేం మాట్లాడారో నాకు గుర్తులేదు. రైల్లో ఎవరైనా చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా నవ్వుకుంటూ వచ్చాను.

మరుసటి రోజు పొద్దున ఇంటికి చేరాను. అత్తమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఇక దాచేదేముందని, కాళ్లు కూడా కడుక్కోకుండా ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. గిన్నె తప్పు, నా తప్పు, నవ్వులు, చివరికి పేరు ఖాయం కావడం. అత్తమ్మ చేట ఆపకుండా విన్నది.

"గంతేనా? గా గిన్నెల కిలుమెక్కుతున్నదని నాకు మొదటి వారమే ఎరుకే."

"ఎరుకైతే మరి చెప్పలేదేం అత్తమ్మా?"

"ఏమో బిడ్డా. సదువుకున్నదానివి, కావాలనే కిలుమెక్కిస్తున్నవనుకున్న. గదే నీ పరీక్ష గావచ్చు, మద్దెల నేను మాట్లాడి ఎందుకు చెడగొట్టాలె అని నోరు మూసుకున్న. నువ్వు ఒక్కపారన్న అడిగితివా?"

అడగలేదు. గిన్నె ఆమెది, వంటిల్లు ఆమెది, పులుపుతో ఇత్తడితో నలభై ఏళ్ల కాపురం ఆమెది. రోజూ పొద్దున నా కుండీల దగ్గరికొచ్చి మొలకెత్తిందా అని అడిగిన మనిషి. మూడు నెలల్లో నేను ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది! సెమినార్ గదిలో ముప్ఫై మంది నవ్వితే రాని సిగ్గు అప్పుడు వచ్చింది. లోపలికి పోయి కొత్త నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకుని మళ్లీ ఆమె పక్కనే కూర్చున్నాను.

"అత్తమ్మా, ఏ పులుపుకు ఎంతసేపట్ల కిలుమెక్కుతది?"

అత్తమ్మ చేట కింద పెట్టింది. నేను నిజంగానే అడుగుతున్నానా అని ఒకసారి నా ముఖం చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని సర్దుకుని కూర్చుంది.

"రాసుకో" అంది. "చింతపులుసైతే జామెడు పొద్దు సాలు. మజ్జిగైతే ఒక్క పూట."

రాసుకున్నాను.